సరస్సుల సీమలో శని, ఆదివారాలు

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ ఇంటికి స్వదేశం నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చారంటే వారికి తప్పకుండా చూపించే వింత ఒకటున్నది. అదే నయాగరా. శుక్రవారం సాయంత్రం న్యూజెర్సీలో కారెక్కిస్తారు. అర్ధరాత్రి దాటాక ఏదో హోటల్లో దించుతారు. మర్నాడు నీళ్ళు చూపించి, ఫోటోలు తీసి, ఆదివారం రాత్రికి మళ్ళీ ఇంటికి చేరుస్తారు. పెద్దవాళ్ళకు జ్ఞాపకముండేది జలపాతం కొంతా, నడుంనొప్పి కొంతా!

నయాగరా చూడవద్దని నేననను. కాని అంతదూరం పోయేవారు సగం దారిలో ఉన్న ఒక చక్కని సీమను నిద్రలో దాటిపోతున్నారే అన్నది నా బాధ. ఆ సీమ పేరు ఫింగర్ లేక్స్, అంటే వేళ్ళ సరస్సులు. న్యూయార్కు అనగానే మనకు మేఘాలను తాకే మేడలే మనసులో మెదులుతాయిగాని, అది నగరం పేరే కాదు, రాష్ట్రం పేరు కూడా. ఆ రాష్ట్రం మధ్యభాగంలో, కాస్త పడమటగా, ఉత్తర దక్షిణాలుగా పదకొండు సరస్సులు చాచిన వేళ్ళలాగా పరుచుకుని ఉన్నాయి. నగరం నుంచి కారులో నాలుగైదు గంటల ప్రయాణం. వసంతంలోనూ, వేసవిలోనూ, ఆకురాలే కాలంలోనూ కూడా నేనక్కడ తిరిగాను. రెండే రోజుల సెలవులో ఆ సీమను సుఖంగా ఎలా చూడవచ్చునో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక వారానికి ఒక సరస్సే

మంచుయుగంలో ఉత్తరం నుంచి కదలివచ్చిన హిమానీనదాలు, అంతకుముందే ఉన్న నదీలోయలను గీకి గీకి లోతు చేశాయి. మంచు కరిగి వెనక్కు పోయాక ఆ లోయల్లో నీరు నిలిచింది. సెనెకా సరస్సు పొడవు సుమారు 38 మైళ్ళు, లోతు 618 అడుగులు. దాని అడుగు సముద్రమట్టానికన్న దిగువన ఉన్నదంటే ఆ లోతు ఎంతటిదో ఊహించుకోవచ్చు. పక్కనే ఉన్న కాయుగా అంతకన్న కొంచెం పొడుగు. క్యూకా సరస్సు ఇంగ్లీషు ‘వై’ అక్షరంలాగా రెండుగా చీలుతుంది.

ప్రయాణం వేసుకునేవారు గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఏమంటే, ఈ పొడుగాటి సరస్సుల మీద మధ్యలో వంతెనలు లేవు. ఎదుటి ఒడ్డున ద్రాక్షతోట చేయి చాస్తే అందేటట్లు కనిపిస్తుంది. కాని అక్కడికి పోవాలంటే సరస్సు కొస దాకా వెళ్ళి చుట్టి రావాలి. పటం చూసి, “అంగుళం దూరమేగదా, మూడు సరస్సులూ చూసేద్దాం” అనుకున్నవారు రెండు రోజులూ కారులోనే గడుపుతారు. ఒక వారానికి ఒక సరస్సు, ఒక ఊళ్ళో బస. ఇదే నా సూత్రం.

మొదటి యాత్ర: సెనెకా

మొదటిసారి వెళ్ళేవారికి సెనెకా దక్షిణపు కొసనున్న వాట్కిన్స్ గ్లెన్ తగిన ఊరు. ఊరి వీధిలోంచే కొండచీలిక మొదలవుతుంది. రెండు మైళ్ళ లోపలి దారిలో 19 జలపాతాలు, ఎనిమిదివందలకు పైగా రాతిమెట్లు. కొన్ని చోట్ల జలపాతం వెనకనుంచి నడిచిపోవచ్చు. 1863లోనే ఇది యాత్రాస్థలమైంది. 1906లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని కొని ప్రజల పరం చేసింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఒక చిట్కా: పైద్వారం దగ్గర దిగి కిందికి నడవడం ఎక్కడంకన్న సులువు. అదీ కష్టమైతే కింది ద్వారం దగ్గర కొంతదూరం నడిచి వెనక్కు రావచ్చు, అందం అక్కడినుంచే మొదలవుతుంది. చలికాలంలో ఈ దారి మూసివేస్తారు. పార్కులో కారుకు కట్టిన రశీదు పారవేయకండి. అదే రోజున మరో రాష్ట్ర పార్కుకు వెళితే సాధారణంగా పనికివస్తుంది.

ఆదివారం తిరుగుదారిలో, అరగంట ప్రయాణంలో కార్నింగ్ అనే ఊరున్నది. అది గాజు ఊరు. అక్కడి గాజు మ్యూజియాన్ని 1951లో తెరిచారు. 1972 వరదలో అది నీట మునిగింది, మళ్ళీ నిలదొక్కుకున్నది. పాలోమార్ కొండమీది దూరదర్శిని కోసం 200 అంగుళాల గాజుబిళ్ళను 1934లో ఈ ఊళ్ళోనే పోతపోశారు. మొదటిది పోతలో చెడిపోయింది. అదే సంవత్సరం రెండవది పోశారు. చెడిపోయిన ఆ మొదటి బిళ్ళను దాచిపెట్టకుండా మ్యూజియంలో నిలబెట్టి చూపిస్తున్నారు! మీ జేబులోని ఫోను మీది గాజు కూడా ఈ ఊరి కంపెనీ తయారుచేసినదే కావచ్చు. కొలిమి ముందు నిలబడి పనివాడు ఎర్రటి గాజుముద్దను ఊది కూజాగా మార్చుతూంటే పిల్లలు రెప్పవేయరు, తాతలూ వేయరు.

రెండవ యాత్ర: క్యూకా, ద్రాక్షతోటలు

ఇక అసలు విషయానికి వద్దాం. ఈ సీమకు పేరు తెచ్చినవి ద్రాక్షతోటలు, వాటినంటి ఉన్న వైన్ శాలలు. “మాకూ వాటికీ ఏం సంబంధం?” అనే పెద్దలుంటారు. జ్వరం తగ్గి పథ్యంలో ఉన్నవారికి బలం కోసమని వైద్యులిచ్చే ద్రాక్షాసవం మన ఇళ్ళల్లో ఎరగనిది కాదు. అయినా నేనెవరినీ తాగమని చెప్పబోవడంలేదు. తాగినా తాగకపోయినా తెలుసుకోదగిన కథ ఒకటి ఆ తోటల్లో ఉన్నది.

క్యూకా దక్షిణపు కొసన హామండ్స్‌పోర్ట్ అనే చిన్న ఊరున్నది. 1829లో ఒక మతాచార్యుడు అక్కడి చర్చి తోటలో ద్రాక్షతీగలు నాటాడు. 1860లో అక్కడే పెద్ద వైన్ కంపెనీ పుట్టింది. అయితే అవన్నీ అమెరికా జాతి ద్రాక్షలు. ఐరోపా జాతి తీగలు ఈ చలికి బతకవని అందరూ తీర్మానించుకున్నారు.

1951లో ఉక్రెయిన్ దేశం నుంచి కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ అనే ఆయన అమెరికా చేరాడు. అప్పటికే యాభయ్యేళ్ళు దాటాయి. శీతలప్రాంతాల ద్రాక్షసాగులో పండితుడు. కాని ఇంగ్లీషు రాదు. జెనీవా ఊళ్ళోని వ్యవసాయ పరిశోధనాకేంద్రంలో ఆయనకు దొరికినది కలుపుతీసే కూలిపని! “మా దేశపు చలి ముందు మీ చలి ఎంత? తీగది కాదు లోపం, వేరుది. చలికి తట్టుకునే వేరుకు అంటుకట్టండి” అన్నది ఆయన వాదం. వినేవారు కరువైపోయారు. చివరకు చార్లెస్ ఫోర్నియే అనే ఫ్రెంచి వైన్ నిపుణుడు విని, పని ఇచ్చాడు. ఏళ్ళ తరబడి వేలాది అంట్లు కట్టి చూశారు. తీగలు బతికాయి. 1962లో ఫ్రాంక్ క్యూకా ఒడ్డున సొంత వైన్ శాల స్థాపించాడు. ఈనాడు ఆ సీమకు కీర్తి తెచ్చిన రీస్లింగ్ ద్రాక్ష ఆయన నిలబెట్టినదే. పరాయిదేశంలో, చదివిన చదువుకు తగని పనిచేస్తూ, మాట వినేవాడి కోసం ఎదురుచూసిన మనవాళ్ళెందరికో ఈ కథ తమ కథలాగే తోచకపోదు.

సరస్సు కూడా ఇందుకు సాయపడింది. లోతునీరు వేసవి వేడిని దాచుకుని చలికాలంలో ఒడ్డును కాస్త వెచ్చగా ఉంచుతుంది. వసంతంలో చల్లగా ఉండి, మొగ్గలు తొందరపడి విచ్చి మంచుకు మాడిపోకుండా ఆపుతుంది.

తరవాత రైతుకు మరో కష్టం వచ్చింది. పెద్ద కంపెనీలు కొనడం తగ్గించేసరికి పండించిన ద్రాక్ష అమ్ముకునే దారి లేకపోయింది. 1976లో రాష్ట్రం ఒక చట్టం చేసి, చిన్న రైతు తన పంటతో తానే వైన్ చేసి నేరుగా జనానికి అమ్ముకునే వీలు కల్పించింది. ఇప్పుడు ఈ సరస్సుల చుట్టూ నూటికి పైగా వైన్ శాలలున్నాయంటే దాని చలవే. దళారి చేతిలో ధర పోగొట్టుకునే రైతులను ఎరిగిన మనకు ఈ సంగతి వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

రుచి చూపే పద్ధతి ఇది: కొంత రుసుము తీసుకుని నాలుగైదు రకాలు గుక్కెడు గుక్కెడు పోస్తారు. నచ్చకపోతే పారబోయడానికి పాత్ర పక్కనే ఉంటుంది. అది మర్యాదతప్పుగా ఎవరూ అనుకోరు. 21 ఏళ్ళు నిండనివారికి పోయరు. తాగనివారికి చాలాచోట్ల ద్రాక్షరసం దొరుకుతుంది. కనండైగ్వా సరస్సు దిగువనున్న నేపుల్స్ ఊళ్ళో, నల్లద్రాక్ష గుజ్జుతో చేసే పై అనే తీపివంటకం సెప్టెంబరులో తినితీరవలసినది.

రోజుకు రెండు, మహా అయితే మూడు వైన్ శాలలు చాలు. ముఖ్యమైన మాట: కారు నడిపే మనిషిని ఇంట్లో బయలుదేరే ముందే నిర్ణయించుకోండి. ఆ మనిషి చుక్క ముట్టరాదు. గుక్కెడే అయినా ఐదేసి గుక్కలు మూడుచోట్ల తాగితే లెక్క మారుతుంది. న్యూయార్కులో రక్తంలో మద్యం 0.08 శాతం ఉంటే పెద్ద నేరం, 0.05 దాటినా నేరమే. వీసా మీద ఉన్నవారికి మరీ ప్రమాదం. మత్తులో కారు నడిపి అరెస్టయిన వారి వీసాను రద్దుచేసే పద్ధతిని అమెరికా విదేశాంగశాఖ 2015 నుంచి పాటిస్తున్నది. పదేళ్ళు కష్టపడి కట్టుకున్న సంసారాన్ని ఒక మధ్యాహ్నపు సరదాకు ఒడ్డవచ్చునా? తాగే ఉద్దేశం అందరికీ ఉంటే డ్రైవరుతో సహా వాహనం మాట్లాడుకోవచ్చు. అక్కడ అది మామూలే.

మూడవ యాత్ర: కాయుగా

కాయుగా దక్షిణాన ఇథాకా ఊరు, అక్కడ కార్నెల్ విశ్వవిద్యాలయం. కొద్ది దూరంలో టాఘానక్ జలపాతం. ఎత్తు 215 అడుగులు, నయాగరాకన్న మిన్న. పైగా అక్కడికి చదునైన దారి, పెద్దవాళ్ళు కూడా మెల్లగా నడవవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ఉండలేను. ఈమధ్య కొన్నేళ్ళుగా అమెరికాలో జలపాతాల దగ్గర, సరస్సుల్లో మన తెలుగు విద్యార్థులు మునిగిపోయిన వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఈ సరస్సుల్లో ఒడ్డునుంచి కొద్ది అడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. ఎండ కాస్తున్నా లోపలి నీరు చల్లగా ఉండి కాళ్ళూ చేతులూ కొంకర్లు పోతాయి. జలపాతం కింద సుడి పైకి కనబడదు. దిగవద్దని పలక పెట్టినచోట దిగకండి. కావలి మనుషులుండే ఈతరేవులు పార్కుల్లో ఉన్నాయి, ఆ వేళల్లో అక్కడే ఈదండి.

ఉత్తరపు కొసకు దగ్గరలో సెనెకా ఫాల్స్ ఊరున్నది. 1848 జులైలో అక్కడి ఒక ప్రార్థనా మందిరంలో స్త్రీల హక్కుల సభ జరిగింది. స్త్రీకి ఓటు కావాలని ప్రకటించిన ఆ పత్రం మీద 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు చేవ్రాలు చేశారు. అమెరికా అంతటా స్త్రీలకు ఓటు వచ్చేసరికి 1920 అయింది. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టినది కూడా ఆ 1848లోనే. చదువుకునే మనవరాళ్ళను వెంటబెట్టుకుని అమ్మమ్మలు వెళ్ళదగిన క్షేత్రమది.

సెనెకా, కాయుగా అన్నవి ఆ నేల మీద మొదట బతికిన జాతుల పేర్లు. 1779లో, స్వాతంత్ర్యయుద్ధ కాలంలో, వాషింగ్టన్ ఆజ్ఞపై సైన్యం వచ్చి వారి గ్రామాలు నలభైకి పైగా తగలబెట్టింది. మొక్కజొన్న చేలనూ, పండ్లతోటలనూ కూడా మిగల్చలేదు. ఈ తోటల మధ్య తిరిగేటప్పుడు, ఇక్కడ అంతకుముందు కూడా తోటలుండేవని తలుచుకోవడం ధర్మం. విక్టర్ ఊరి దగ్గర గనొండగన్ అనేచోట సెనెకాల పొడుగాటి ఇంటిని తిరిగి నిర్మించి చూపిస్తున్నారు. అమెరికాను నిన్న మొన్న పుట్టిన దేశమనుకునేవారు అక్కడికి పోయి రావాలి.

ఎప్పుడు, ఎలా?

మే చివరినుంచి అక్టోబరు దాకా అనుకూలం. అక్టోబరు మొదటి పక్షంలో కొండలన్నీ పసుపూ కుంకుమా చల్లినట్లుంటాయి. కాని ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం. కార్నెల్ పట్టప్రదానం జరిగే మే నెల వారంలో ఇథాకాలోనూ, మోటారు పందేలు జరిగే వారాల్లో వాట్కిన్స్ గ్లెన్‌లోనూ అదే పరిస్థితి. రెండు మూడు నెలల ముందే చూసుకోండి. ఇథాకాలో శాకాహారం సుళువుగా దొరుకుతుంది. చిన్న ఊళ్ళలో రాత్రి పెందలాడే తలుపులు మూస్తారు. కాబట్టి పులిహోర, పెరుగన్నం వెంట ఉంచుకుంటే ఎవరికీ లోటుండదు. పార్కుల్లో కూర్చుని తినడానికి బల్లలు వేసి ఉంటాయి.

ఒక్కపూట మాత్రం ఏ పనీ పెట్టుకోకండి. సాయంత్రం సరస్సు ఒడ్డున ఒక బల్లమీద పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మీరూ పక్కన కూర్చోండి. ఆరునెలల వీసా మీద వచ్చినవారికి మీ ఇంట్లో టీవీ, వంటగదీ ఉంటాయిగాని మీరు ఉండరు. వారు ఇంత దూరం వచ్చినది నీళ్ళు చూడడానికి కాదు.