మీకు తెలుసా? బీటిల్స్ ఆల్బమ్ మన కరీంనగర్‌లో తయారైతే!

జర దగ్గరికి రండి, చెవిలో ఓ మాట! బ్రిటన్ పాటల బృందం బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' ఆల్బమ్ అట్ట మీద మన గాంధీజీ ఉండాల్సింది! 1967లో ఫొటో తీసేటప్పుడు ఆయన బొమ్మను నిలబెట్టారు కూడా! ఇండియాలో జనం నొచ్చుకుంటారేమోనని రికార్డు కంపెనీ పెద్దాయనకు గుబులు పుట్టింది. అంతే, బొమ్మ మాయం! గాంధీజీ ఉన్న అట్ట మన చేతికి రాకుండానే పోయింది!

గాంధీజీని తీసేశారు సరే, మనవాళ్లు ఇంకా ఉన్నారు! ఆ గుంపులో బాగా వెతకండి. పరమహంస యోగానంద, ఆయన గురువు శ్రీయుక్తేశ్వర్, ఆ గురువుకు గురువు లాహిరీ మహాశయులు, ఆపైన మహావతార్ బాబాజీ! 4 తరాల గురుపరంపర లివర్‌పూల్ కుర్రాళ్ల వెనక నిలబడి ఉంది!

ఇప్పుడు ఊహించండి! ఆ అట్ట కరీంనగర్‌లో చేయిస్తే? కాగితం ఎందుకు, వెండి ఉందిగా! మన ఫిలిగ్రీ పనివాళ్లు వెండిని వెంట్రుకంత సన్నటి తీగగా లాగుతారు. రెండు తీగలు కలిపి మెలేస్తారు. పట్టుకారుతో వంచి చట్రం నిండా ఆకులూ పూలూ అల్లుతారు! ఈ పనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది! నెమళ్లూ అత్తరుబుడ్లూ చేసే చేతులకు నాలుగు మీసాల మొహాలు ఓ లెక్కా!

పాటల సంగతి చెప్పనా? ఆ ఆల్బమ్ కోసం మొదలుపెట్టిన రెండు పాటలు అందులో లేనే లేవు! 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్', 'పెన్నీ లేన్'! కంపెనీ సింగిల్ కావాలని తొందరపెట్టింది. తీసి ఇచ్చేశారు! తాను చేసిన తప్పుల్లోకెల్లా పెద్దది ఇదేనని నిర్మాత జార్జ్ మార్టిన్ తర్వాత వాపోయారు. రెండూ కలిపినా 7 నిమిషాలే! ఫోన్‌లో ప్లేలిస్టు చేసుకుని ఆ తప్పు మీరే దిద్దేయొచ్చు!

అసలు 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్' ఒక్క టేకు కాదు! బీటిల్స్‌లోని జాన్ లెనన్‌కు ఒక టేకులో మొదలు నచ్చింది, ఇంకో టేకులో చివర నచ్చింది. శ్రుతి వేరు, వేగం వేరు! టేపు వేగం అటూ ఇటూ మార్చి, కత్తిరించి, అతికించేశారు! 60వ సెకను దగ్గర చెవి పెట్టి వినండి. అతుకు దొరికితే మీ చెవులకు దండం!

'ఎ డే ఇన్ ద లైఫ్'లో ఒక్కసారిగా హోరు లేస్తుంది కదా! అది 40 మంది వాద్యకారుల పని! అన్నిటికన్నా కింది స్వరంతో మొదలుపెట్టి పైదాకా ఎవరికి వారే పాకండి, పక్కవాళ్లను పట్టించుకోకండి అని వాళ్లకు చెప్పారు! మన వెర్షన్‌కు ఆర్కెస్ట్రా ఎందుకు? ఒగ్గుడోళ్లు చాలు! మల్లన్న పట్నాల దగ్గర ఆ మోత విన్నవాళ్లకు వేరే చెప్పాలా!

'వితిన్ యూ వితౌట్ యూ' బీటిల్స్ పాటే! కానీ అందులో ఉన్న బీటిల్ ఒక్కరే! జార్జ్ హారిసన్! మిగతావాళ్లు పత్తా లేరు. దిల్‌రుబా, తబలా వాయించింది లండన్‌లో ఉన్న మన దేశపు కళాకారులు!

దిల్‌రుబా దొరకలేదా? ఆదిలాబాద్ పోదాం పదండి! గోండుల గాథలు పాడే ప్రధానుల చేతిలో కిక్రి ఉంటుంది. తీగలు 3 మాత్రమే! కమాను ఆడిందంటే వీరుల కథ కళ్లముందుకొస్తుంది!

నెమలి ఈకల టోపీలు పెట్టుకుని గోండుల గుస్సాడీ ఆటగాళ్లు మన అట్ట మీద వరసగా నిలబడితే? బీటిల్స్ వేసుకున్న ఆ రంగురంగుల పట్టు కోట్లు వెలవెలపోవూ! ఆ ఆటకే మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది!

ఉత్త ఊహలే అనుకుంటున్నారా? బీటిల్స్ పాటకు మన గడ్డ మీదే సంగీతం కట్టారు! 1968 జనవరిలో హారిసన్ బొంబాయి హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులను కూర్చోబెట్టి 'ది ఇన్నర్ లైట్' సంగీతం రికార్డు చేసుకెళ్లారు! బొంబాయి దాకా వచ్చిన మనిషి, బస్సెక్కితే కరీంనగర్ ఎంత దూరం చెప్పండి!

మరి పాటలు రాసేదెవరు? అప్పట్లో మన హనుమాజీపేట కవి సినారె ఉండనే ఉన్నారుగా! సినిమాకు ఆయన రాసిన తొలి పాటలు 'గులేబకావళి కథ'లోవి. అది విడుదలైంది 1962లో! బీటిల్స్ సొంత పేరుతో తొలి సింగిల్ 'లవ్ మీ డూ' వచ్చిందెప్పుడు? అదే ఏడాది!

'సార్జెంట్ పెప్పర్' ప్లేటు తిరిగి తిరిగి చివరికొచ్చింది. సూది లేపబోతున్నారు. మీ కుక్క చెవులు రిక్కించింది! అక్కడ 15,000 హెర్ట్జ్ కూత దాచిపెట్టారు మరి! మన పెద్దల చెవికి అందడం కష్టం, కుక్కకు మాత్రం ఠంగున వినిపిస్తుంది! బ్రిటన్ ప్లేటులో ఇది ఉంది, అప్పటి అమెరికా ప్లేటులో లేదు!

అమెరికా వాళ్లకు ఈ కోతలు కొత్త కాదు! బ్రిటన్‌లో 'రివాల్వర్' కొంటే 14 పాటలు. అమెరికాలో కొంటే 11! తగ్గిన ప్రతి పాటా లెనన్‌దే! పాపం, ఆయనే నష్టపోయారు!

అట్ట కింద అట్ట చూశారా? 1966లో అమెరికాలో 'యెస్టర్‌డే అండ్ టుడే' ఆల్బమ్ అట్ట మీద తెల్లకోట్లు, మాంసం ముక్కలు, తలలు ఊడిన బొమ్మలు! చూసినవాళ్లు హడలిపోయారు! కంపెనీ వెనక్కి తెప్పించి పైన వేరే ఫొటో అంటించేసింది. అభిమానులు ఊరుకుంటారా? ఆవిరి పట్టి మరీ ఒలిచారు!

మరో బీటిల్ పాల్ మెకార్ట్నీ ఓపిక చూడండి! 'లెట్ ఇట్ బి' ఆల్బమ్‌లో తన పాట చుట్టూ తనను అడక్కుండా వయొలిన్లు, కోరస్ చేర్చారని ఆయనకు మంట. 33 ఏళ్లు కాచుకున్నారు! ఆ హంగులన్నీ ఊడబీకిన 'లెట్ ఇట్ బి నేకెడ్' 2003లో బయటికొచ్చింది!

ఇక ఆఖరిది, అసలు మజా ఇందులోనే! 'వైట్ ఆల్బమ్'లో 30 పాటలు! వాటిలో చాలావరకు మన రిషికేశ్‌లో పుట్టినవే! ఒక్క ప్లేటుకు కుదిద్దామని జార్జ్ మార్టిన్ అన్నారు, కుర్రాళ్లు వినలేదు. అప్పటి నుంచి అభిమానులు కత్తెర పట్టుకుని కూర్చున్నారు! ఇద్దరి జాబితాలు కలిస్తే ఒట్టు! మీరూ సగం ఉంచి సగం కొట్టేయండి చూద్దాం. ఏది తీస్తారు? ఊఁ, అది వద్దా? మరి ఇది? చూశారా, అప్పుడే చెయ్యి ఆడట్లేదు!