జిద్దా ఎంత దూరం? మీఖాత్ ఎప్పుడు?

హజ్, ఉమ్రాలకు బయలుదేరే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సోదరులు మమ్మల్ని ముందుగా అడిగేది, "జిద్దా ఎన్ని గంటలు?" అని. శంషాబాద్ నుంచి జిద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,130 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానం ఐదున్నర, ఆరు గంటల్లో దింపుతుంది. రైల్లో బొంబాయి చేరి, అక్కడ ఓడ ఎక్కి రోజుల తరబడి సముద్రం మీద గడిపిన మన పెద్దలకు ఇది నమ్మలేని మాట. ఆ హజ్ ఓడలు 1995తో ఆగిపోయాయి.

అయితే అడగవలసిన అసలు ప్రశ్న మీఖాత్ గురించి. మక్కాకు వచ్చేవారు ఇహ్రామ్ లేకుండా దాటరాని హద్దులను దైవప్రవక్త (స) స్వయంగా నిర్ణయించారు. ఓడలో మనవారికి యలమ్‌లమ్ హద్దు. విమానం సాధారణంగా తాయిఫ్ వైపు నుంచి, ఖర్నుల్ మనాజిల్ మీదుగా వస్తుంది. ఓడ మెల్లగా కదిలేది, తయారవడానికి తీరిక ఉండేది. విమానం నిమిషానికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోతుంది. జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందే మీఖాత్ దాటిపోతుంది. కునుకు పడితే అంతే. ఇహ్రామ్ లేకుండా దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్ళి కట్టుకోవాలి, లేదా దమ్‌గా మేకను జిబహ్ చేయించాలి.

అందుకే దుస్తులు ఇక్కడే ధరించి, రెండు రకాత్‌లు చదివి, విమానం లేచాక నియ్యత్ చేసి తల్బియా పలకండి. ముందే నియ్యత్ చేస్తే, విమానం ఆలస్యమైనా ఇహ్రామ్ నిబంధనలన్నీ పాటించాలి మరి. కొందరు ఇహ్రామ్ బట్టలను పెద్ద పెట్టెలో సర్ది సామానులో వేసేస్తారు! పెట్టె కింద, హాజీ సాబ్ పైన. అవి చేతిసంచిలోనే ఉండాలి. స్త్రీలకు ప్రత్యేక దుస్తులు లేవు. నెలసరిలో ఉన్నా నియ్యత్ చేసుకోవచ్చు. నమాజు, తవాఫ్ మాత్రం ఆపాలి. ఇది అడగడానికి సిగ్గుపడి ఇహ్రామ్ లేకుండా హద్దు దాటవద్దని మా చెల్లెళ్ళకు మనవి. ముందు మదీనాకు పోయే విమానమైతే ఈ తొందర లేదు; అక్కడి నుంచి మక్కాకు వెళ్ళేటప్పుడు జుల్‌హులైఫాలో ఇహ్రామ్ కట్టుకుంటారు.

ఇక గడియారం. సౌదీ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. మధ్యాహ్నం 2 గంటలకు లేచిన విమానం దిగేసరికి మన గడియారంలో ఏడున్నర, అక్కడ ఐదు. పడమరకు పోయేకొద్దీ పొద్దు సాగుతుంది. రంజాన్‌లో ఉమ్రాకు పోయే రోజేదార్లు, గద్వాలలో మగ్రిబ్ అయిందని ఇఫ్తార్ చేయరాదు. కిటికీలో సూర్యుడు కనిపిస్తున్నంతసేపు ఆగాలి.

మరొక సంగతి. ఈ మూడు ఊళ్ళ నుంచీ శంషాబాద్ దూరం హనఫీ ఉలమాలు చెప్పే 77 కిలోమీటర్లను మించినదే. కనుక ఖస్ర్ విమానాశ్రయంలో మొదలు కాదు, మన ఊరి ఇళ్ళు దాటగానే మొదలవుతుంది. జడ్చర్ల దగ్గర ఆగి ఒంటరిగా జుహర్ చదివితే ఫర్జ్ రెండే రకాత్‌లు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే నాలుగు.