పొగమంచులో రన్‌వేకు దారి

ఐఎల్ఎస్‌గా పేరుపడిన ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్, పొగమంచు అడ్డగించలేని రేడియో తరంగాలతో, కంటికి ఆనని రన్‌వే వరకు విమానానికి దారి చూపుతుంది. రన్‌వే అవతలి కొసన నిలిపిన లోకలైజర్ అనే ఆంటెన్నాల వరుస పక్కపక్కనే రెండు కిరణాలను పంపుతుంది. దిగవచ్చే విమానానికి ఎడమవైపు సెకనుకు 90 కంపనాల సంకేతం, కుడివైపు 150 కంపనాల సంకేతం బలంగా ఉంటాయి గనుక, రెండూ సమానంగా అందినప్పుడే కాక్‌పిట్‌లోని ముల్లు నడిమికి వచ్చి నిలుస్తుంది. గ్లైడ్ స్లోప్ అనే మరో ప్రసారిణి ఇదే పద్ధతిలో సుమారు 3 డిగ్రీల దిగుడు వాలును చూపుతుంది.

1929లో జేమ్స్ డూలిటిల్ మూసిన కాక్‌పిట్‌లో కూర్చుని పరికరాల ఆధారంతోనే విమానాన్ని దించడంతో ఊపందుకున్న ఈ ప్రయత్నం, 1965లో హీత్రూలో ట్రైడెంట్ విమానం ప్రయాణికులతో తనంతట తానే నేలను తాకేవరకు ఎదిగింది.

ఐఎల్ఎస్ స్థాయిల్లో మొదటిదైన కేటగిరీ-1 పద్ధతిలో 200 అడుగుల ఎత్తుకు దిగేసరికి పైలట్‌కు రన్‌వే గాని, దాని దీపాలు గాని కనబడాలి, రన్‌వే వెంట చూపు 550 మీటర్లు ఆనాలి. ఢిల్లీలో ఉన్న కేటగిరీ-3బీకి 50 మీటర్లు చాలు. అయితే దానికి మధ్యరేఖ దీపాలు, అంతరాయం లేని విద్యుత్తు, తర్ఫీదు పొందిన పైలట్లు, తగిన విమానాలు అన్నీ సమకూరాలి.

పలాస సమీపాన, జీడి, కొబ్బరి తోటల ఉద్దానంలో విమానాశ్రయం ప్రతిపాదన ఉంది. భూములు పోతాయన్న రైతుల ఆందోళనే అన్నిటికన్నా ముందు తీరవలసినదైనా, ఖర్చు లెక్కలో పొగమంచుకూ చోటుండాలి. గాలి కదలని, మబ్బులేని చలికాలపు రాత్రి నేల వేడిని కోల్పోయి తేమగాలిని చల్లార్చగా పుట్టే ఈ మంచు సాధారణంగా పొద్దెక్కేకొద్దీ విడిపోతుంది. వందలాది విమానాలు నిలిచిపోయే ఢిల్లీకి కేటగిరీ-3 అత్యవసరం. కొద్ది సర్వీసులే నడిచే చిన్న విమానాశ్రయంలో ఉదయపు విమానాన్ని కాస్త ఆలస్యంగా నడపడమే మేలు. పైగా 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం, ఉపగ్రహ సంకేతాల్లోని పొరపాట్లను సవరించి అందించే స్వదేశీ 'గగన్' వ్యవస్థ సాయంతో దిగి, ఐఎల్ఎస్ ఆంటెన్నాలు లేకున్నా దాదాపు కేటగిరీ-1 స్థాయిలో దారి చూపడం సాధ్యమని రుజువు చేసింది.

అందుచేత ఉద్దానంలో తొలి ఖర్చు కొలతకే కావాలి. బెంగళూరులోని ఎన్ఏఎల్ రూపొందించిన 'దృష్టి' పరికరం, కాంతిని గాలిలో కొంత దూరం పంపి, దారిలో అది ఎంత తరిగిందో కొలిచి, చూపు ఎంతవరకు ఆనుతుందో లెక్కగడుతుంది. ఎంపికైన స్థలంలో దానిని కొన్ని చలికాలాలపాటు నిలిపి, ఎన్ని ఉదయాలు మంచు కమ్మిందో, ఏ వేళకు విడిందో నమోదు చేశాకే పై కేటగిరీ సంగతి తేల్చాలి.