గుండె వాల్వుకూ పిప్పి పన్నుకూ లంకె

కొత్తగూడలో పన్ను సలిపితే ముందు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి మాత్ర. తగ్గకపోతే పాకాల అడవి దాటి నర్సంపేటకో, ఇటు మహబూబాబాద్‌కో బస్సెక్కాలి. అలా వెళ్లేవారికి గుండె వాల్వు మార్చి ఉంటే మాత్రం, పన్ను డాక్టరు ముందు నోరు తెరవగానే చెప్పాల్సింది నొప్పి సంగతి కాదు, వాల్వు సంగతి.

పన్ను పీకితే చిగురు తెగుతుంది. నోట్లో ఎప్పుడూ కాపురముండే స్ట్రెప్టోకోకస్ జాతి బ్యాక్టీరియా ఆ గాయంలోంచి రక్తంలోకి దిగుతుంది. మామూలుగా ఒంట్లోని రక్షణ కణాలు కాసేపట్లోనే దాన్ని ఏరిపారేస్తాయి. అమర్చిన వాల్వు మీద అయితే కొంత అంటుకుపోవచ్చు. దాని చుట్టూ ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పేరుకుని కండలా పెరుగుతుంది. లోపల నక్కిన క్రిములను తెల్లకణాలు అందుకోలేవు. అందులోంచి ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం. వాల్వు మీద ఇలా క్రిములు పట్టే జబ్బే ఎండోకార్డైటిస్.

అందుకని పన్ను పీకే ముందు, అరగంట నుంచి గంట వ్యవధిలో, పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి ఇస్తారు. అంటే 500 మిల్లీగ్రాముల గొట్టం మాత్రలు నాలుగు. చిగురు తెగే వేళకు మందు రక్తంలో ఉండాలి, అంతే. ఐదు రోజుల కోర్సు అక్కర్లేదు. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు.

గుండెజబ్బు ఉన్న ప్రతివారికీ ఇది వద్దని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ జాబితాను బాగా కుదించింది. కృత్రిమ వాల్వు ఉన్నవారు, ఇదే జబ్బు ఒకసారి వచ్చిపోయినవారు, పుట్టుకతో కొన్ని గుండె లోపాలున్నవారు ముఖ్యంగా మిగిలారు. అన్నం నమిలినా, పళ్లు తోమినా కొన్ని క్రిములు రక్తంలోకి పోతూనే ఉంటాయి మరి. నాలుగు మాత్రల కన్నా రోజూ చిగుళ్లను బాగా ఉంచుకోవడమే పెద్ద కాపుదల.

మన దగ్గర అసలు తికమక ఇంకోచోట ఉంది. గొంతునొప్పి వెనకాల వచ్చే కీళ్లవాత జ్వరంతో వాల్వు దెబ్బతిన్న పిల్లలకు మూడు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ సూది వేస్తారు. “సూది నడుస్తనే ఉంది గదా, పన్నుకు మళ్ల మందెందుకు?” అంటారు ఇంట్లోవాళ్లు. ఆ సూది గొంతు క్రిమి మళ్లీ రాకుండా, కీళ్లవాత జ్వరం తిరగబెట్టకుండా వేసేది. పన్ను పీకినప్పుడు అది కాపాడదు. పైగా పెన్సిలిన్‌కు అలవాటుపడ్డ నోటి క్రిములు అదే జాతి అమాక్సిసిలిన్‌కూ లొంగకపోవచ్చు. కాబట్టి వాల్వు మార్పించుకుని, ఈ సూదీ వేయించుకుంటున్నవారికి పన్ను పీకే ముందు మరో జాతి మందు ఎంచుకుంటారు.

వాల్వు ఉన్న మనిషికి జ్వరం రోజుల తరబడి వదలకపోతే, ఊళ్లో యాంటీబయాటిక్ సూది వేయించకముందే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో రక్తం కల్చర్‌కు ఇవ్వాలి. మందు ముందుపడితే ల్యాబులో క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో డాక్టర్లు ఊహించాల్సి వస్తుంది.