రైలు పన్నెండు, సూర్యుడి పన్నెండు

నవంబరు మొదట్లో కశింకోటలో నీడ బాగా కురచయ్యేది పన్నెండింటికి కాదు, పదకొండూ నలభై దాటగానే. ఎందుకని ఒక పాఠకుడి ప్రశ్న. సమాధానంలో కొంత రైళ్లది, ఎక్కువ వంతు ఆకాశానిది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. కశింకోట దాదాపు 83 డిగ్రీల రేఖాంశం మీదుంది, మద్రాసు 80 దాటి పావు డిగ్రీ మీద. కాబట్టి ఇక్కడ సూర్యుడు మద్రాసు కంటే పదకొండు నిమిషాల ముందే నడినెత్తికొస్తాడు. కలకత్తాలోనైతే ముప్పై రెండు నిమిషాల ముందు. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన తెరుచుకుని కలకత్తా, మద్రాసులకు ఒకే దారి పడ్డాక, ఊరికో పన్నెండు పెట్టుకుంటే రైలు నడవదు. సింగిల్ లైన్ మీద ఎదురెదురు బళ్లు ఏ స్టేషన్‌లో తప్పుకోవాలో టైంటేబుల్ ముందే చెప్పాలి. ప్రమాదాన్ని ఆపేది ముందు స్టేషన్ ఇచ్చే అనుమతి, అంటే లైన్ క్లియరే గానీ గడియారం కాదని రైల్వేవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. నిజమే, కానీ లైన్ క్లియర్ బండిని ఆపుతుందే తప్ప రేపటి బండి ఎక్కడ ఆగాలో రాసిపెట్టదు. రైళ్లు అప్పటికే మద్రాసు టైం పట్టుకుని ఉన్నది ఇలాంటి అవసరానికే. 1906 జనవరి 1న దాని స్థానంలో గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైం వదల్లేదు.

భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ మీదుగా పోతుందని మనవాళ్లు రాస్తూనే ఉంటారు. పటం చూస్తే అది కాకినాడకు తూర్పుగా వెళ్లి, అన్నవరం, తుని మధ్య రైలు పట్టాలను దాటుతుంది. కశింకోట ఇంకో అర డిగ్రీ తూర్పున, అంటే రెండు నిమిషాలు. మిగతా పదహారు నిమిషాల సంగతే అసలు రుచి. భూమి తన చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగేలోపు కక్ష్యలోనూ కాస్త ముందుకు జరుగుతుంది గనుక, సూర్యుణ్ణి మళ్లీ నడినెత్తిన చూడాలంటే ఇంకొంచెం తిరగాలి. ఆ కొసరు రోజూ ఒకేలా ఉండదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరై వేగంగా పరుగెడుతుంది, పైగా అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండూ కలిసి డిసెంబరు చివర మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి ఇరవై నాలుగు గంటల మీద అర నిమిషం పెంచుతాయి, సెప్టెంబరులో ఇరవై సెకన్లు తగ్గిస్తాయి. సెకన్లే కదా అనుకుంటే పొరపాటు, అవి పోగుపడతాయి. నవంబరు 3 నాటికి సూర్యుడు పదహారు నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి 11 నాటికి పద్నాలుగు నిమిషాలు వెనకబడతాడు. ఫిబ్రవరిలో కశింకోట మధ్యాహ్నం పన్నెండూ పన్నెండుకు అన్నమాట. దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవారికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సూర్యోదయాన్ని బట్టి కట్టాల్సిన రాహుకాలాన్ని సోమవారం ఏడున్నరకని ఏడాది పొడవునా ఒకే అంకెతో అచ్చేసే క్యాలెండర్లకైతే ఈ లెక్క అసలే అక్కర్లేదు.