"బాగున్నాము" అనే మాట వెనుక



చెన్నూరు చుట్టుపక్కల గృహదర్శనాలకు వెళ్లినప్పుడు "బాగున్నారా?" అని అడుగుతాము. "దేవుని కృప వలన బాగున్నామయ్యా" అంటారు. బోరు ఎండినా, అప్పులవాడు వాకిట నిలబడినా అదే జవాబు.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత అమెరికాలోను ఇలాగే ఉండేది. ఇండ్లు, కార్లు, ఉద్యోగాలు పెరిగాయి. పైకి అందరూ సుఖముగానే కనిపించారు. ఆ రోజుల్లో కొందరు కవులు తమ ఇంటి గుట్టును, మానసిక వ్యాధిని, చావాలనే తలంపును దాచకుండా వ్రాశారు. 1959లో రాబర్ట్ లోవెల్ వ్రాసిన 'లైఫ్ స్టడీస్' వచ్చినప్పుడు, ఇది ఒప్పుకోలు వంటిదని ఒక విమర్శకుడు అన్నాడు. ఆ కవిత్వానికి ఆ పేరే నిలిచింది.

ఆన్ సెక్స్‌టన్ ఇద్దరు బిడ్డల తల్లి. వైద్యుని ప్రోత్సాహముతో వ్రాయడము మొదలుపెట్టి, 1967లో పులిట్జర్ బహుమతి పొందారు. అయినా 1974లో తన ప్రాణము తానే తీసుకొన్నారు. వ్రాత ఆమెకు కొన్నేండ్లు ఆసరా అయింది గాని వ్యాధిని మాన్పలేదు.

మన తెలుగులో రేవతీదేవి స్త్రీ మనసులోని వేదనను ఇలాగే దాచకుండా వ్రాశారు. ఆమె చిన్న వయస్సులోనే కన్నుమూశారు. ఆమె కవితలు 1981లో 'శిలాలోలిత' పేరుతో పుస్తకముగా వచ్చాయి. తరువాత మరొక కవయిత్రి ఆ పేరునే కలం పేరుగా పెట్టుకొన్నారు.

ఒప్పుకోలు అంటే పాపములను గూర్చినదే అని మనము అనుకొంటాము. దుఃఖమును ఒప్పుకోవడము పాపము కాదు. 88వ కీర్తన మొదటినుండి చివరివరకు మొరయే. ఏలీయా బదరీవృక్షము క్రింద మరణము కోరినప్పుడు దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పంపాడు.

మేము అలా చేయలేదు. ఒక సహోదరుడు "బ్రతకాలని లేదయ్యా" అంటే, విశ్వాసము తక్కువైందని మందలించాము. ఆయన మందిరానికి రావడము మానుకొన్నాడు. కొన్ని నెలలకు ఆయన భార్య కన్నీళ్లతో వచ్చింది. అప్పుడు వెళ్లి, ఆ రాత్రంతా ఆయన చెప్పింది విన్నాము. తెల్లవారి కడపకు వైద్యుని దగ్గరకు తోడు వెళ్లాము. నేడు ఆయన మా మధ్యనే ఉన్నాడు.

కాబట్టి "బాగున్నారా?" అని రెండవసారి కూడా అడుగుదాము. అలాంటి మాట విన్నప్పుడు ఆ మనిషిని ఒంటరిగా విడువక, ఇంట్లోని పురుగుమందు డబ్బా తీసివేద్దాము. ప్రార్థించి, వైద్యునికి చూపిద్దాము. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితముగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ ఆదివారము ఆరాధన ముగిశాక, ఎవరితోను మాట్లాడకుండా వెళ్లిపోయేవారి ప్రక్కన కాసేపు కూర్చోండి.