ఎదురుగాలి లెక్క

పదిమంది కలిసి సైకిళ్ళ మీద దివిసీమ చుట్టి వస్తామంటున్నారని మీ అమ్మ చెప్పింది అబ్బాయ్. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళ దగ్గరా, మడ అడవి పెంచేవాళ్ళ దగ్గరా ఆగి, రాత్రికి అక్కడే పడుకుని, తెల్లారి ఇంకో ఊరు పోతారట. మంచి పనే. మీ నాన్న ఏదో గొణిగాడు గానీ ఆ సంగతి నేను చూసుకుంటాను.

యూరప్‌లో ఎకోటోపియా బైక్‌టూర్ అని 1990 నుంచీ ఇలాంటిదే నడుస్తోంది. ఊరికి దూరంగా ఉమ్మడిగా బతుకుతూ తమ తిండి తామే పండించుకునే బృందాలు అక్కడ చాలానే ఉన్నాయి. వేసవి వచ్చిందంటే ఓ గుంపు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి తొక్కుకుంటూ పోతుంది. వంట కలిసే, ఏ నిర్ణయమైనా కలిసే. తొక్కుడు మాత్రం ఎవరి జోరు వాళ్ళది. ముందుపోయినవాళ్ళు మలుపు దగ్గర సుద్దముక్కతో బాణం గీసి పోతే, వెనకబడ్డవాళ్ళు అది చూసుకుంటూ వస్తారు. మనకైతే ముగ్గుపిండి చాలు.

అసలు ఇది మన ఘంటసాలకు పాత అలవాటే. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకచోట ఉండేవారు, తక్కిన కాలమంతా ఆరామం నుంచి ఆరామానికి కాలినడకన తిరిగేవారు. అమరావతి, భట్టిప్రోలు, గుడివాడ, మన ఊరు అన్నీ ఆ దారిలోవే. మన స్తూపాన్ని తవ్వి చూసిన అలెగ్జాండర్ రే దాని సంగతులు 1894లో అచ్చేశాడు. లోపలి కట్టడం చక్రంలా ఉంటుంది. నడుమ ఇటుక కుంభి, చుట్టూ గుండ్రటి గోడ, రెంటినీ కలుపుతూ అడ్డగోడలు. సందుల్లో మట్టి నింపేస్తే ఇటుక కలిసొస్తుంది, కట్టడం గట్టిగానూ ఉంటుంది.

చక్రమంటే గుర్తొచ్చింది, మీ సైకిలు పుల్లలు ఎప్పుడైనా వేలితో మీటి చూశావా? టింగుమంటాయి. స్తూపంలో అడ్డగోడైనా ఎడ్లబండి చక్రంలో ఆకైనా చేసేది ఒకటే పని, పైబరువును కింద నిలబడి మోయడం. సైకిలు పుల్లకు ఆ ఓపిక లేదు, సన్నటి తీగ, నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. అందుకని దాన్ని ముందే బిగించి లాగి పెడతారు. నువ్వు సీటు మీద కూర్చోగానే నేలవైపున్న పుల్లల బిగువు కాస్త సడలుతుంది, చక్రం తిరిగేకొద్దీ ఆ సడలింపు ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు మారుతూ పోతుంది. పాతకాలం పెద్ద సైకిలుకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. వెనకే కదా మనిషీ, క్యారేజీ మీద మూటా. బయల్దేరే ముందు ఒక్కొక్క పుల్లా మీటు. మొద్దుగా పలికిందంటే అది సడలినట్టే. మెకానిక్కు చేత బిగింపించు, లేదంటే రిమ్ము వంకరపోయి కోడూరు దాటాక నడిపించుకుంటూ రావాలి.

ఇక అసలు విషయం, గాలి. మన వైపు ఎక్కుడు లేదు, దిగుడు లేదు, నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది. కాలికి పరీక్ష పెట్టేదంతా గాలే. గంటకు 15 కిలోమీటర్ల జోరులో, గాలి కదలని రోజున, టైరు రాపిడికి ఎంత బలం పోతుందో గాలిని తోసుకుపోవడానికీ దాదాపు అంతే పోతుంది. ఆ జోరులోనే గంటకు 15 కిలోమీటర్ల గాలి ఎదురొచ్చిందనుకో. ఒంటికి తగిలే గాలి 30 అయింది. రెట్టింపు గాలికి అడ్డు నాలుగింతలు. ఆ లెక్క తెలియకే చాలామంది "ఇవాళ కాళ్ళు లాగేస్తున్నాయి" అనుకుంటారు.

కాబట్టి పంచాంగం కాదు, గాలి చూసుకుని బయల్దేరాలి. ఫిబ్రవరి, మార్చి రోజుల్లో తెల్లవారుజామున నేల సముద్రం కంటే చల్లబడి ఉంటుంది, గాలి మెల్లగా నేల మీంచి సముద్రం వైపు పోతుంది. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటు నింపడానికి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం దాటాక అది జోరందుకుంటుంది. అందుకని చీకటితో లేచి హంసలదీవి వైపు పొండి, ఎండపూట ఎక్కడన్నా నడుం వాల్చండి, సాయంత్రం వెనక్కి తొక్కండి. రెండు పూటలా గాలి వీపునే ఉంటుంది. పొద్దుటే నిద్ర లేవలేమంటారా, పోయేటప్పుడు మొహానే కొడుతుంది.

ఎదురుగాలి తప్పనప్పుడు గుంపు అక్కరకొస్తుంది. ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కేవాడికి గాలి అడ్డు పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. కొల్లేట్లో గూడకొంగలు వరస కట్టి ఎగరడం చూశావుగా? ఆఫ్రికాలో గూడకొంగల గుండె లెక్క కట్టి 2001లో నేచర్ పత్రికలో వేశారు. వరసలో ఎగిరేవాటి గుండె, ఒంటరిగా ఎగిరేదాని కంటే 11 నుంచి 14 శాతం నెమ్మదిగా కొట్టుకుంటోందట. మీరూ కొంతసేపటికొకరు ముందుకు మారండి, అందరికంటే బలహీనుణ్ణి నడుమ పెట్టండి. ఇదంతా కాలవ గట్టు మీద. 216 హైవే మీద మాత్రం చక్రానికీ చక్రానికీ మధ్య చోటు వదిలి, ఒకే వరసలో పొండి. లారీవాడికి గూడకొంగల సంగతి తెలియదు.

చల్లపల్లికి చీకటుండగానే చేరితే స్వచ్ఛ చల్లపల్లి వాళ్ళు చీపుళ్ళూ గమేళాలూ పట్టుకుని రోడ్డు మీదే కనిపిస్తారు. డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులూ, ఊరివాళ్ళూ 2014 నవంబరులో మొదలుపెట్టారు. ఊరికే చూసి ఫొటో తీసుకుని పోవద్దు. ఓ అరగంట చీపురు పట్టండి.

అక్కణ్ణుంచి మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ మీదుగా నాగాయలంక. ఇంకా కిందికి పోతే సొర్లగొంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో తుడిచిపెట్టుకుపోయిన ఊళ్ళలో అదొకటి. ఆ వైపు తీరంలో స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్ళూ, అటవీ శాఖా, ఊళ్ళవాళ్ళూ కలిసి మడను మళ్ళీ ఎలా పెంచారో అడిగి తెలుసుకోండి. మడ కొట్టేసిన నేల ఎండకు ఎండి, కుంగి, గుంటలు పడుతుంది. పోటుకు వచ్చిన నీళ్ళు అందులో చిక్కి, ఎండకు ఇగిరిపోయి, ఉప్పు మిగులుతుంది. ఏడాదికేడాదికీ ఉప్పు పేరుకుంటే మడ విత్తనం కూడా మొలవదు. వీళ్ళు చేసిందల్లా ఏటిపాయ నుంచి ఒక పెద్ద కాలవ తవ్వి, దానికి రెండు పక్కలా చేపముల్లు వాటంలో పిల్ల కాలవలు తీయడం. పోటు నీరు లోపలికీ, పాటు నీరు బయటికీ ఆడుతూ రోజూ ఉప్పు కడిగేస్తుంది. ఆ కాలవల ఒడ్డున మొక్కలు నాటారు. తెల్లమడ కింద బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చినవి కనిపిస్తాయి, అవి దాని ఊపిరి వేళ్ళు. బురదలో గాలాడదు గనక చెట్టు వేళ్ళనే పైకి పంపుతుంది. తొక్కకండి.

ముదునూరు ఇంకోసారి పొండి, అది ఎగువన ఉయ్యూరు వైపు. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా, 1940లో నాస్తిక కేంద్రం పెట్టింది అక్కడే. 1947లో బెజవాడ పటమటకు మార్చాడు. కులం చూడకుండా పంక్తి భోజనాలు పెట్టిన చోటు, మీరు వెతుకుతున్న కోవలోదే.

తిండి గురించి మీ అమ్మమ్మకు బెంగ. ఆవిడకు ఈ లెక్క చెప్పు. బరువు సైకిలు, మూట, కాస్త ఎదురుగాలి కలుపుకున్నా కిలోమీటరుకు 25 కిలో క్యాలరీలకు మించదు. కిలో బియ్యంలో సుమారు 3,500 ఉంటాయి. అంటే 140 కిలోమీటర్లు. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిని మనిషి తాగి అరిగించుకోగలిగితే 300 కిలోమీటర్లు పోవచ్చు, మీ నాన్న మోటారు సైకిలు అందులో ఎంత పోతుందో ఆయన్నే అడుగు. బరువును దూరం మోయడంలో సైకిలెక్కిన మనిషి కంటే పొదుపైన జంతువూ లేదు, యంత్రమూ లేదని 1973లో ఎస్.ఎస్. విల్సన్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాశాడు. పార్లమెంటుకు సైకిలు మీద పోయిన సుందరయ్య గారు మన గన్నవరం ఎమ్మెల్యే కూడాను, ఆయనకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వాన పడితే మాత్రం ఏ లెక్కా పనిచేయదు. నల్లరేగడి తడిసిందంటే టైరుకు అంటుకుని, మడ్‌గార్డులో కూరుకుని, చక్రం కదలనివ్వదు. అప్పుడు సైకిలు మన మీద ఎక్కుతుంది. మబ్బు పట్టిన రోజు డొంకదారి పట్టకండి, గట్టి రోడ్డు మీదే ఉండండి. పదిమందికి ఒక పంపు, రెండు ట్యూబులు, పంక్చర్ సొల్యూషన్ డబ్బా చాలు. అవి కూడా వెనకవాడి దగ్గర పెట్టండి. ముందువాడికి పంక్చరైతే వెనకవాడు ఎలాగూ వచ్చి చేరతాడు, వెనకవాడికైతే ముందువాడికి తెలియదు.